పట్టాలక్క స్కూటరు

లారీల మీద కప్పే పట్టాలూ, దుకాణాల ముందు ఎండకు దించుకునే పరదాలూ కుట్టే షాపులో ఆమె పని. మందపాటి గుడ్డను తొడల మీదికి లాక్కుంటూ, ఆ కుప్పలో నడుం దాకా మునిగిపోయి, పెద్ద మిషను మీద కుట్లు వేస్తూ ఇరవై ఏళ్ళు దాటించింది. అందుకని వీధిలో అందరికీ ఆమె పట్టాలక్క. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆమే వెనక్కి తిరిగి చూసేది.

పెళ్ళయిన కొత్తలోనే భర్త వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆమె రచ్చకెక్కలేదు. పెట్టె సర్దుకుని తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అప్పటికి వాడు లిఫ్టు మెకానిక్కు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. తర్వాత వాడే మంచి మెకానిక్కు అయ్యాడు. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో మనుషులు ఇరుక్కుంటే, తలుపుకి ఇవతల నిలబడి, "కంగారు పడకండి, టికెట్టు లేకుండా ఎక్కిన వాళ్ళని వదిలేస్తున్నాం ఈసారికి" అని జోకులు వేసి, లోపల ఏడుస్తున్నవాళ్ళని నవ్విస్తూ బయటికి తీసేవాడని పేరు. పెళ్ళి మాట ఎత్తితే, "నీకు జరిగింది చాల్లేదా అక్కా" అని దాటేసేవాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒక మేడ మీద రెండు గదుల వాటాలో స్థిరపడిపోయారు.

కుక్కని తెచ్చింది కూడా వాడే. ఏదో బిల్డింగు పైన, లిఫ్టు మోటారు ఉండే గదిలో, వెచ్చగా ఉందని ఓ కుక్క పిల్లల్ని పెట్టింది. తక్కినవాటిని ఎవరెవరో పట్టుకుపోగా మిగిలినదాన్ని పనిముట్ల సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎర్రమట్టి రంగు, పొడుగు కాళ్ళు, ఒక చెవి నిలబడితే ఒకటి వాలిపోయేది. క్షణం కుదురు లేదు. అందుకని దానికి మోటారు అని పేరు పెట్టాడు.

మోటారుకి రెండేళ్ళు నిండుతాయనగా తమ్ముడు మాట్లాడడం తగ్గించాడు. ముందు అన్నం దగ్గర. తర్వాత ఫోన్లో. పనికి వెళ్ళడానికి బూట్లు వేసుకుని, మంచం అంచున అలాగే కూర్చుండిపోయేవాడు. పట్టాలక్క షాపు నుంచి వచ్చేసరికీ అదే మంచం, అవే బూట్లు.

"ఏమైందిరా?" అని అడిగింది.

"ఏం కాలేదక్కా."

"ఎవరైనా ఏమైనా అన్నారా? పనిలో దెబ్బ గానీ తగిలిందా? ఎవరైనా అమ్మాయి...?"

"ఏం లేదక్కా. నిజంగా ఏం లేదు."

అదే ఆమెకు మింగుడుపడలేదు. ఏదైనా జరిగి ఉంటే దాన్ని పట్టుకుని కొట్లాడేది, కాళ్ళు పట్టుకునేది, ఏదో ఒకటి చేసేది. ఏమీ జరగకుండా మనిషి ఇలా ఎలా ఆగిపోతాడు? మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నాడు. వాటివల్ల కొంచెం గుణం కనిపించిన మాట నిజమే, స్నానం చెయ్యడం మొదలుపెట్టాడు. కానీ స్నానం చేసి వచ్చి మళ్ళీ అదే మంచం మీద పడుకునేవాడు, గోడ వైపు తిరిగి.

అప్పుడు మోటారు ఇల్లు పీకి పందిరి వెయ్యడం మొదలుపెట్టింది. వాడు బాగున్నప్పుడు పొద్దున్నే పార్కు చుట్టూ వాడితో సమానంగా పరిగెత్తిన కుక్క అది. ఇప్పుడు చెప్పులు నమిలింది. పరుపు చీల్చింది. స్టూలు కాలు కొరికి కొరికి పెన్సిలు చెక్కినట్టు చెక్కింది. పట్టాలక్క దాన్ని వీధిలో తిప్పుకొచ్చేది. తమ్ముడు నేర్పిన పద్ధతి ప్రకారం అది ఆమె ఎడమ పక్కనే, తాడు బిగుసుకోకుండా, ఆమె మోకాళ్ళ నొప్పుల నడకకి తగ్గట్టు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది. వీధిలో పెద్దమనిషి. ఇంట్లో రాక్షసి.

"అక్కా, పైన ఫర్నీచరు కంపెనీ ఏమైనా పెట్టారా?" అంది కింది వాటా ఆవిడ మెట్ల దగ్గర ఆపి. నవ్వుతూనే అంది. రెండోసారి అడిగినప్పుడు నవ్వలేదు.

పశువుల డాక్టరు మోటారు పళ్ళూ చెవులూ కాళ్ళ కీళ్ళూ చూశాడు. గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు.

"దీనికి జబ్బేం లేదమ్మా. లోపలున్న పరుగు బయటికి పోవడం లేదు. అంతే. రోజూ పరిగెత్తించండి."

"నేనా! మెట్లెక్కడానికే మోకాళ్ళు మొరాయిస్తుంటే!"

"మీరు పరిగెత్తక్కర్లేదు. మీరు నిలబడండి, అది లాగుతుంది" అని ఆయన తన ఫోను తీసి ఏదో చూపించాడు. పిల్లలు ఒక కాలు పైన పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ పోతారే, ఆ స్కూటరు. కాకపోతే పెద్దది, సైకిలు చక్రాల్లాంటి గాలి చక్రాలతో. దాని మీద ఓ లావుపాటి మనిషి నిలబడ్డాడు. ముందు ఒక కుక్క, ఛాతీకి పట్టీలు కట్టుకుని, నాలుక ఒక పక్కకి ఎగురుతుంటే, బాణంలా దూసుకుపోతోంది. చూస్తూ చూస్తూ పట్టాలక్క ఫక్కున నవ్వింది. నవ్వాక తనకే వింతగా అనిపించింది, ఎన్నాళ్ళయింది నవ్వి అని.

"మెడకి మాత్రం కట్టకండి. బరువు ఛాతీ మీద పడాలి. ఎండెక్కాక వద్దు, రోడ్డు కాలితే పాదాలు బొబ్బలెక్కుతాయి. ముందు తేలికైనవి లాగించండి. దానికి ఇష్టం లేదనిపిస్తే మానెయ్యండి. ఇది ఆటమ్మా, చాకిరీ కాదు."

స్కూటరు పాత ఇనుము కొట్లో దొరికింది. ఏదో పెద్ద గోడౌనులో మనుషులు ఈ మూల నుంచి ఆ మూలకి తిరగడానికి వాడినది. చక్రాలకి కొత్త ట్యూబులు వేయించి, బ్రేకులు బిగించుకుంది. ఛాతీ పట్టీ తనే కుట్టింది. పట్టాలకి అంచు కుట్టే నవారు తీసుకుని, లోపలి వైపు పాత దుప్పటి ముక్క మెత్తగా వేసి, మోటారు మెడా ఛాతీ కొలిచి, షాపులో భోజనాల వేళ కుట్టింది. గుడ్డ కత్తిరించే ముసలాయన, అందరూ కత్తెర బాబాయ్ అంటారు, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఎవరికమ్మా ఈ జాకెట్టు? చేతులు లేవు, నాలుగు కంతలున్నాయి."

"మా కుక్కకి బాబాయ్. బండి లాగుతుంది."

"బండా! ముందు దానికి లైసెన్సు తియ్యి. నీకు తర్వాత చూద్దాం" అన్నాడు ఆయన. షాపంతా నవ్వింది. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె పక్కకి వచ్చి, "చంకల కింద ఒరుసుకుంటుందేమో చూడు. అక్కడ కుట్టు రానివ్వకు" అని చెప్పి వెళ్ళాడు. ఆయన అన్నట్టే మొదటి పట్టీ చంక కింద వెంట్రుకలు ఊడేలా ఒరిసింది. విప్పేసి ఇంకోటి కుట్టింది.

గోడౌన్ల వెనక పొడుగాటి రోడ్డు ఒకటుంది. లారీలు రావడం మొదలయ్యేదాకా అక్కడ పురుగు కూడా ఉండదు. పొద్దున్నే స్కూటరు తోసుకుంటూ, పక్కన మోటారుతో, అక్కడికి వెళ్ళేది. ముందు పట్టీ వేసి ఊరికే నడిపించింది. తర్వాత వెనక ఒక చెక్క ముక్క కట్టింది. చెక్క గరగరమంటే మోటారు ఎగిరి గంతేసి, తన వెనకాల ఏదో తరుముకొస్తోందని పారిపోబోయింది. మెల్లిగా అలవాటు పడింది. చెక్క తర్వాత పాత టైరు. టైరు తర్వాత ఖాళీ స్కూటరు. "పద" అంటే వెళ్ళాలి, "ఆగు" అంటే ఆగాలి. కుడి, ఎడమ. బిస్కెట్ ముక్కలు జేబులో పోసుకుని, గొంతు మార్చి మార్చి చెప్పేది.

చిక్కల్లా ఒకటే. తాడు బిగుసుకోగానే మోటారు ఆగిపోయేది. తమ్ముడు దానికి అంత గట్టిగా నేర్పాడు, మనిషి పక్కనే నడవాలి, లాగడం తప్పు అని. "పద" అనగానే నాలుగడుగులు ఉషారుగా వేసేది. ఛాతీ మీద బరువు తగిలేది. వెంటనే వెనక్కి తిరిగి వచ్చి, ఆమె ఎడమ కాలి పక్కన నిలబడి, తప్పు చేశానా అన్నట్టు మొహంలోకి చూసేది. తాడు చక్రానికి చుట్టుకునేది. విప్పుకుని మళ్ళీ "పద". మళ్ళీ నాలుగడుగులు. ఆమెకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒక సెలవు రోజు కత్తెర బాబాయ్ వచ్చి, ముందు నిలబడి బిస్కెట్లు ఊపుతూ, "రావే తల్లీ, రావే బంగారం" అని పిలిచాడు. మోటారు ఆయన్ని మర్యాదగా చూసి, ఆవలించింది.

"ఇది నాకోసం రాదమ్మా. ఎవరికోసం వస్తుందో వాణ్ణి పిలు" అన్నాడు ఆయన.

ఆ మాట ఆమె మనసులో అప్పటికే ఉంది. పైకి అనడానికి భయపడుతోంది. ఆ సాయంత్రం తమ్ముడి మంచం దగ్గర కింద కూర్చుని, వాడి వీపుతో మాట్లాడింది.

"నువ్వేం చెయ్యక్కర్లేదురా. మాట్లాడక్కర్లేదు. గోడౌన్ల రోడ్డు చివర గేటు దగ్గర ఊరికే నిలబడు. అంతే."

పొద్దున ఆమె స్కూటరు మెట్ల మీంచి దించుతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. గడ్డం పెరిగిపోయి, నలిగిన చొక్కాతో, వెలుతురికి కళ్ళు చికిలించుకుంటూ వస్తున్నాడు. ఏమైనా అంటే వెనక్కి వెళ్ళిపోతాడేమోనని ఊపిరి కూడా మెల్లిగా పీల్చింది.

చిట్టచివరి గోడౌను గేటు దగ్గర, పాతిన గుంజలాగా నిలబడ్డాడు. పిలవలేదు, చెయ్యి ఊపలేదు. ఈ చివర పట్టాలక్క స్కూటరు ఎక్కి, హ్యాండిలు పట్టుకుని, "పద" అంది.

మోటారు వాణ్ణి చూసింది. ఇక తాడు బిగిసిందో లేదో దానికి తెలియలేదు. వాలిన చెవి కూడా లేచి నిలబడింది. పట్టాలక్క కాళ్ళ కింద నేల కదిలిపోయింది. గోడౌన్ల గోడలు, తలుపులు, ఆపి ఉన్న లారీలు, వాటి మీద తను కుట్టిన పట్టాలు, అన్నీ పక్కల నుంచి జారిపోయాయి. జుట్టు ముడి ఊడింది. భయంతో అరిచింది. ఆ అరుపు మధ్యలో ఎక్కడో నవ్వయింది.

"బ్రేకు! అక్కా, బ్రేకు వెయ్యి!"

తమ్ముడి గొంతు. ఎవరూ అడక్కుండా వాడంతట వాడు అన్న మాట. ఆమె బ్రేకు వేసింది. మోటారు వాడి మీదికి రెండు కాళ్ళూ పెట్టి ఎగబడి, మొహమంతా నాకింది. వాడు తడుముకున్నట్టు దాని వీపు మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత రోజూ వచ్చాడు. మూడో నాలుగో రోజున తాడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ లాగి చూశాడు. "బయల్దేరినప్పుడు దీని ఛాతీకి కుదుపు తగులుతోందక్కా" అన్నాడు. పాత సైకిలు ట్యూబు ముక్క తాడు మధ్యలో కట్టాడు. ట్యూబు సాగి, బరువు మెల్లిగా అందుకునేట్టు. లిఫ్టు తాళ్ళు చూసిన చేతులు, ముళ్ళు చకచకా వేశాయి. పట్టాలక్క ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. ఒక రోజు తనే ఎక్కాడు. ఆమె చివరికి వెళ్ళి నిలబడదామనుకునేలోపు మోటారుకి చెప్పాడు, వెళ్ళిపోయారు. రోడ్డు మలుపు తిరిగి కనిపించకుండా పోయారు. తిరిగొచ్చేసరికి వాడి మొహంలోకి రక్తం వచ్చింది.

"బాగుందిరా?"

"ఊఁ. గాలి."

అంతే అన్నాడు. కానీ ఆ రోజు అన్నం దగ్గర ఇంకొంచెం పెట్టమని కంచం జరిపాడు. పట్టాలక్కకి కాళ్ళు నేల మీద ఆనలేదు. షాపులో మిషను తొక్కుతూ కూనిరాగం తీసింది. "మీ తమ్ముడు లేచాడా ఏంటి?" అన్నాడు కత్తెర బాబాయ్. "లేచాడు బాబాయ్" అంది. పైకి అన్నందుకు నాలుక కరుచుకుంది. కింది వాటా ఆవిడ కూడా ఒకరోజు స్కూటరు దించడానికి ఒక చెయ్యి వేసింది. మోటారు ఇంట్లో ఏదీ కొరకడం మానేసింది. తిరిగి రాగానే గిన్నెడు నీళ్ళు తాగి, నాలుగు కాళ్ళూ చాపుకుని నిద్రపోయేది.

అప్పుడు ఆమె తొందరపడింది. తొందరపాటు అని అప్పుడు తెలియలేదు. తమ్ముడి సూపర్‌వైజరుకి తనే ఫోను చేసి, వాడు బాగానే ఉన్నాడని, పని ఉంటే చూడమని అడిగింది. ఆయన మంచివాడు. రేపే పంపండి, చిన్న పనులతో మొదలుపెడదాం అన్నాడు. తమ్ముడికి చెబితే వాడు కాదనలేదు. గడ్డం గీసుకున్నాడు. బూట్లకి పాలిష్ పెట్టుకున్నాడు. మెట్లు దిగుతుంటే మోటారు తోక ఊపుకుంటూ వెంటబడింది. "ఇవాళ కాదే, వాడికి పనుంది" అని ఆమె దాన్ని పట్టుకుంది.

మధ్యాహ్నానికి వాడితో పనిచేసే కుర్ర మెకానిక్కు బండి మీద తీసుకొచ్చి దించాడు. షాపుకి ఫోను చేస్తే పట్టాలక్క పరిగెత్తుకొచ్చింది.

"పైన మోటారు గదిలోకి వెళ్ళాడక్కా" అని చెప్పాడతను మెట్ల దగ్గరే, గొంతు తగ్గించి. "ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు. ఏమైందన్నా అంటే ఏం కాలేదన్నాడు. లేవమంటే లేవలేనన్నాడు. ఇద్దరం పట్టుకుని దించాం."

ఆమె లోపలికి వెళ్ళింది. వాడు పాలిష్ బూట్లతోనే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె బూట్లు విప్పింది. వాడు కాళ్ళు కూడా కదపలేదు.

మనసు డాక్టరు మాత్రలు మార్చాడు. కొన్నాళ్ళు వార్డులో ఉంచుకున్నాడు. మళ్ళీ ఇంటికి పంపాడు. ఒకసారి ధైర్యం చేసి ఆమె అడిగింది, "నేను పనికి పంపబట్టే ఇలా అయిందా సార్?" అని. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "పంపకపోయినా ఇలా అయ్యేదేమోనమ్మా. పంపబట్టేనేమో. నాకు తెలియదు. మీరు మాత్రం మంచం పట్టకండి" అన్నాడు. నీ తప్పేం లేదు అని ఆయన అంటాడనుకుని వెళ్ళింది. ఆ మాట లేకుండానే బయటికొచ్చి బస్సు కోసం నిలబడింది.

మోటారుకి ఇవన్నీ తెలియవు. పొద్దున్నే పట్టీ ఉన్న మేకు దగ్గర నిలబడి మూలిగేది. దాన్ని చూడలేక ఒక్కతే తీసుకెళ్ళింది. "పద" అంటే పరిగెత్తింది. ఇప్పుడు తాడు బిగుసుకున్నా ఆగడం లేదు, ఆ సంగతి నేర్చుకుంది. గేటు దాకా ఒక్క ఊపులో లాక్కుపోయింది. అక్కడ ఆగి చుట్టూ చూసింది. గేటు సందులో ముక్కు పెట్టి వాసన చూసింది. నేల వాసన చూసింది. తర్వాత కూర్చుంది. "పద" అంటే వినలేదు. "ఇంటికి" అంటే వినలేదు. బిస్కెట్ ముక్క ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. ఆమె దాని బరువంతా పట్టీతో ఎత్తి నిలబెడితే మళ్ళీ కూర్చుంది.

రోజూ అదే. ఉత్సాహంగా పరుగు, గేటు, కూర్చోవడం. ఒకరోజు ఎంతకీ లేవలేదు. వెలుతురు పూర్తిగా వచ్చేసింది, లారీలు మొదలయ్యాయి. గేటు లోపలికి తిరగాల్సిన లారీ ఒకటి వచ్చి, హారను మీద హారను కొట్టింది. "అమ్మా, మీ సర్కస్ పక్కన పెట్టుకోండి, మాకు టైమవుతోంది" అని అరిచాడు డ్రైవరు. పట్టాలక్కకి సిగ్గూ కోపమూ కలిసి ఒళ్ళు మండింది. చేతిలో ఉన్న తాడు కొసతో మోటారు వీపు మీద కొట్టింది. ఎప్పుడూ కొట్టలేదు దాన్ని. అది అరవలేదు. తల దించి, రెండు చెవులూ వెనక్కి అణుచుకుని, ఇంకా అక్కడే కూర్చుంది.

ఆమె స్కూటరు పడేసి, దాని పక్కన రోడ్డు మీదే చతికిలబడింది.

"రాడే వాడు" అంది దానితో. "రాడు. నాకూ తెలుసు, నీకే తెలియడం లేదు." ఇంకేవో అంది. ఏడుపులో మాటలు కలిసిపోయాయి. లారీ డ్రైవరు హారను ఆపేశాడు. కాసేపటికి దిగివచ్చి, స్కూటరు లేపి గోడకి ఆనించి, వెళ్ళి సీట్లో కూర్చున్నాడు.

మానెయ్యొచ్చు. మానేద్దామనే అనుకుంది. కానీ మానేసిన రెండో రోజే మోటారు తలుపు చెక్క గీకి పెచ్చులు ఊడగొట్టింది. కింది వాటా ఆవిడ ఇంటివాళ్ళకి చెబుతానంది. కుక్కని ఎవరికైనా ఇచ్చేద్దామా అని పట్టాలక్క తమ్ముణ్ణి అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు వాడు, గోడకే. ఆ రెండు మాటలు విన్నాక ఇవ్వడానికి ఆమెకు చేతులు రాలేదు.

అందుకని మళ్ళీ మొదటి నుంచి నేర్పడం మొదలుపెట్టింది. ఈసారి నేర్పాల్సింది లాగడం కాదు. చివర ఎవరూ లేకపోయినా వెళ్ళడం. గేటు దాకా పోనివ్వకుండా సగం దారిలోనే "ఆగు" అనేది. ఆగితే మెచ్చుకుని, వెనక్కి తిప్పేది. "తిరుగు" అనే కొత్త మాట నేర్పింది. కొన్నాళ్ళకి ఇంకొంచెం దూరం. వారాల తరబడి గేటుకి కాస్త ఇవతలే తిప్పుతూ వచ్చింది. మోటారు గేటు వైపు మెడ సాచి చూసేది, మూలిగేది, తర్వాత తిరిగేది. తర్వాత చూడటం తగ్గింది. మూలగడం పోయింది. కత్తెర బాబాయ్ అప్పుడప్పుడు అడిగేవాడు, "ఎక్కడిదాకా వచ్చింది నీ చదువు?" అని. "ఇంకా ఉంది బాబాయ్" అనేది. తమ్ముడి సంగతి ఆయన అడగడం మానేశాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున, ఆమె "తిరుగు" అనలేదు. ఏం చేస్తుందో చూద్దామని ఊరుకుంది. మోటారు అదే వేగంతో గేటు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. అటు తల కూడా తిప్పలేదు. గేటు దాటి, మలుపు తిరిగి, కాలవ గట్టు మీదికి లాక్కుపోయింది. ఎన్ని నెలల కష్టమో అది. సాధించింది. కానీ స్కూటరు మీద నిలబడిన పట్టాలక్క వెనక్కి తిరిగి చూసింది. ఈ లోకంలో తమ్ముడి కోసం ఆగి చూసేవాళ్ళు ఇద్దరుండేవారు. ఇప్పుడు తనొక్కతే మిగిలింది. దానికి వాణ్ణి మరిపించింది కూడా తనే.

చల్లగాలి మొహానికి కొడుతోంది. మోటారు కాళ్ళు టకటకా పడుతున్నాయి. దానికి హాయిగా ఉంది, వీపు చూస్తేనే తెలుస్తోంది. ఆమె బ్రేకు వెయ్యలేదు. కాలవ వెంట ఎంతో దూరం పోయాక, అలిసి అదే ఆగింది.

ఇంటికి వచ్చి స్కూటరు చక్రాలు తుడుస్తుంటే తమ్ముడి గొంతు వినిపించింది.

"ఎంతదాకా వెళ్ళారు?"

ఆమె గుడ్డ పట్టుకునే గదిలోకి వచ్చింది. వాడు గోడ వైపే ఉన్నాడు.

"కాలవ దాకా. కాలవ వెంట కూడా చాలా దూరం వెళ్ళాంరా. గేటు దగ్గర ఆగలేదు ఇది ఇవాళ."

"ఊఁ" అన్నాడు.

ఇంకేమైనా అడుగుతాడేమోనని నిలబడింది. అడగలేదు. మోటారు గిన్నెలో నీళ్ళు చప్పుడు చేస్తూ తాగుతోంది. మర్నాడు తిరిగొచ్చాక, వాడు అడక్కుండానే, ఎంతదాకా వెళ్ళిందీ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. వాడు విన్నాడో, నిద్రపోతున్నాడో ఆమెకు తెలియదు. చెప్పి, వాడి మాత్రలూ మంచినీళ్ళూ స్టూలు మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, షాపుకి వెళ్ళిపోయేది. లారీలకి కొత్త పట్టాల పని బాగా తగిలింది ఆ నెల.